అరికాళ్ళ మంట

"కాల్లో గుండుసూది దిగితే తెలియదా అండీ మీకు?"

నేల మీది రక్తపు మరక తుడుస్తూ అడిగింది భార్య. టైలర్ కాలెత్తి చూసుకున్నాడు. నిజమే, సూది తల దాకా దిగబడి ఉంది. పొద్దుటి నుంచి దాని మీదే నిలబడి మూడు చొక్కాలు కత్తిరించాడు.

"షుగర్ కదా, మొద్దుబారిపోయాయి" అన్నాడు చూపు తప్పించి.

ఆరేళ్ళుగా అదే మాట. సూది గుచ్చినా తెలియని ఆ కాళ్ళే, నడుం వాల్చగానే నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేడు. ఒంట్లో ఉన్నది హెచ్ఐవీ అని చెప్పే ధైర్యం లేక షుగర్ అన్నాడు. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి చప్పటి టీ తాగాడు, విందుల్లో మిఠాయి వడ్డిస్తే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. చివరికి వీధిలో షుగర్ ఉన్నవాళ్ళంతా ఆయన్నే సలహా అడిగేదాకా వచ్చింది.

భార్య ఉత్త అమాయకురాలు. రిపోర్టు ఏదని ఒక్కనాడూ అడగలేదు. మంటగా ఉందంటే బకెట్టుతో చన్నీళ్ళు తెచ్చి పెట్టేది. అతను బకెట్లోంచి కాళ్ళు తీశాక, నీళ్ళు వృథా ఎందుకని తనూ కాసేపు పెట్టుకునేది. ఆ మంచితనం చూస్తే అతనికి తలెత్త బుద్ధయ్యేది కాదు.

"ఈవేళే డాక్టరుకు చూపించుకోండి. నేనూ వద్దును గానీ, గురువారం కదా, చెల్లెలింటికి వెళ్ళాలి."

"నువ్వెందుకులే, నేను వెళ్ళొస్తా" అని సూది పీకేసి, గబగబా చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. ఎప్పుడూ సోమవారమే వెళ్ళే మనిషి.

ఆసుపత్రిలో నర్సు కార్డు తీసి, ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"ఇంట్లో పరీక్ష చేయించాల్సిన వాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరమ్మా. నా భార్య కాలం చేసింది."

మొదటిసారి భయంకొద్దీ అనేసిన మాట. ఉందంటే తీసుకురమ్మంటారు, తీసుకొస్తే గుట్టు బయటపడుతుంది. ఆ తర్వాత, నోటితో చంపిన మనిషిని మళ్ళీ బతికించే దారి దొరకలేదు.

తెర చాటున మంచం మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమన్నాడు డాక్టరు. వేళ్ళను సూదిమొనతో తాకాడు.

"తెలుస్తోందా?"

"లేదండి."

"మీరు మందులు మొదలుపెట్టేలోపే వైరస్ నరాల చివర్లను దెబ్బతీసింది. పాడైన నరం తాకింది చెప్పదు, లేని మంట ఉందని చెబుతుంది. నొప్పికి మందు మారుస్తాను. రోజూ కాళ్ళు పరీక్షగా చూసుకోండి. పరీక్ష చేయించుకోకుండా ఊరుకున్న మనిషినైతే ఇది లోలోపలే తినేస్తుంది."

సూది గుచ్చినా తెలియని మనిషికి ఆ మాట గుచ్చుకుంది. తన నుంచి ఆమెకీ అంటి ఉంటే? పరీక్ష లేకుండా, మందు లేకుండా, ఆరేళ్ళు! తన పరువు కోసం ఆమె ప్రాణాన్ని పణంగా పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"డాక్టరు గారూ... నా భార్య బతికే ఉందండీ."

డాక్టరు కోప్పడలేదు.

"రేపే తీసుకురండి" అన్నాడు.

"తీసుకొస్తానండి. అంతా చెప్పేస్తాను."

అంతలో తెర అవతల బాగా తెలిసిన గొంతు వినిపించింది.

"అమ్మా, డాక్టరు గారున్నారా?"

భార్యే! అనుమానం వచ్చి వెనకే వచ్చినట్టుంది. ఇంకేముంది, అంతా తెలిసిపోయింది. పోనీ, తెలియనీ. ఇంకా దాక్కుంటే తను మనిషే కాదు. చెప్పులైనా వేసుకోకుండా లేచి తెర మీద చెయ్యి వేశాడు.

"ఉన్నారు, కూర్చోండి" అంది నర్సు. "ఇంట్లో పరీక్ష చేయించాల్సిన వాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరమ్మా, మా ఆయన పోయి ఏడేళ్ళయింది."