పది నిమిషాల పని

“సాయంత్రంలోగా ఆ కారడం ఆగకపోతే ఇల్లు ఖాళీ చేసెయ్యండమ్మాయ్. నా పడకగది పైకప్పు నానిన అట్టలా ఉబ్బిపోయింది” అనేసి, కింది వాటాలో ఉండే ఇల్లుగలావిడ దబదబా మెట్లు దిగిపోయింది.

ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళి, సింకు కింద పెట్టిన గిన్నె తీసి పారబోసి, మళ్ళీ అక్కడే పెట్టింది. పొద్దుట్నుంచి అది తొమ్మిదోసారి. మొగుడు ప్లంబరు. ఊళ్ళో వాళ్ళ కుళాయిలన్నీ బాగుచేసే మనిషి ఇవాళ పనులన్నీ మానుకుని కంప్యూటరు ముందు పాతుకుపోయాడు.

“ఏవండీ, ఆవిడన్నది విన్నారా?”

“విన్నాను. రేపు చేస్తా. ఇవాళ మాత్రం నన్ను కదపకు.”

తెర మీద డౌన్‌లోడు నీలం గీత నలభై ఒక్క శాతం దగ్గర పాకుతోంది. మూడేళ్ళుగా ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అని ఊరించిన ఆట అది. నాలుగుసార్లు వాయిదా పడింది. పడిన ప్రతిసారీ ఆయనకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

“రెండువేల ఏళ్ళ కిందటి రాజ్యాలే. ఏనుగులు, రథాలు, బండరాళ్ళు విసిరే యంత్రాలు. అసలు సంగతి చెప్పనా? ఈసారి కోటకు నీళ్ళు ఆపేసి కూడా గెలవచ్చట. కాలువ ఎటునుంచి లోపలికి పోతోందో కనిపెడితే చాలు.”

“ముందు మన సింకులోంచి ఎటు పోతోందో కనిపెట్టండి.”

“నేను బిగించిన జాయింటే కదే. పది నిమిషాల పని.”

“ఆ పది నిమిషాలే నెల్లాళ్ళుగా అడుగుతున్నాను.”

“పది నిమిషాల పనికి అంత తొందరేముంది?”

ఆమె పళ్ళు బిగించింది. “పోనీ, వెనకవీధి ప్లంబర్ని పిలవనా?”

ఆయన అప్పుడు తిరిగాడు, పొద్దుట్నుంచి మొదటిసారి. “టేపుగాడినా? వాడికి చుట్టడం తప్ప బిగించడం రాదు. వాడు చేసిపోయిన ఇంటికి నేను వెళితే, సంచి దించకముందే అడిగే మాట ఒకటే, ‘ఎవడండీ ఈ జాయింటు బిగించింది?’ అని. అలాంటివాడు నా గడప తొక్కితే, ఇక ఈ ఊళ్ళో నేను పానా పట్టినట్టే.”

మళ్ళీ తెరవైపు తిరిగిపోయాడు. డెబ్బై రెండు.

“అసలు కోటలు ఎలా పడిపోతాయో తెలుసా నీకు? శత్రువు గోడ దూకి కాదు. లోపలివాళ్ళే ఎవరో విసిగిపోయి తలుపు తీస్తారు.”

“విసిగిపోయా?”

“మరి? ఎన్నాళ్ళని ఓర్చుకుంటారు, రాజు పట్టించుకోకపోతే?”

“తలుపు తీస్తుంటే రాజుకి తెలియదా?”

“పాపం, ఆఖరిదాకా తెలియదు.”

ఆమె కాసేపు ఆయన వీపువంక చూసింది. తర్వాత వెళ్ళి పదోసారి గిన్నె పారబోసింది. ఫోను తీసుకుని వాకిట్లోకి వెళ్ళి, రెండు ముక్కలు మాట్లాడి వచ్చింది. వచ్చేటప్పుడు తలుపు గడియ వేయలేదు.

తొంభై ఎనిమిది. ఆయన అరచేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

“కాసేపు చప్పుడు చేయకు.”

“నేనేం చేయడం లేదండీ.”

తొంభై తొమ్మిది. గీత నిండింది. తెరంతా ఒక్కసారి చీకటైంది. నగారా మోగింది. పొగమంచులోంచి రాతికోట ఒకటి మెల్లగా పైకి లేచింది. ఆయన ఊపిరి బిగబట్టి కుర్చీ అంచుకు జరిగాడు.

వంటింట్లో పానా ఖణేల్‌మంది. ఆ వెంటే ఓ బొంగురు గొంతు తాపీగా అడిగింది.

“ఎవడమ్మా ఈ జాయింటు బిగించింది?”