పై వాటా నీళ్ళు

“గోడ లోపలి పైపు మీ బాధ్యత, బయటి కుళాయి నాది. అద్దె కాగితంలో మీరే రాశారు కదా మాస్టారూ,” అంది పై వాటాలో అద్దెకుంటూ బట్టలు కుట్టే ఆవిడ.

కింద వాటాలో ఉండే ఇంటాయన తలుపు ఓరగా తీసి పట్టుకున్నాడు. “రాశానమ్మా, కాదనను. రేపు చూద్దాం.”

“ఎనిమిది రోజులుగా రేపే అంటున్నారు. గోడంతా చెమ్మ. కుట్టిన బట్టలు ఎక్కడ పెట్టినా మచ్చ పడుతోంది. ఇచ్చినవాళ్ళకి నేనేం జవాబు చెప్పుకోను?”

ఆయన నవ్వీ నవ్వనట్టు నవ్వి, చప్పుడు కాకుండా తలుపు మూసేశాడు.

ఆవిడ పైకెళ్ళి మిషను ముందు కూలబడింది. కిటికీలోంచి జారిన మధ్యాహ్నపు ఎండ తడి గోడ మీద మెల్లగా కదులుతోంది. లోపల నీళ్ళు గుసగుసగా పారుతున్నాయి. వింటూ ఉంటే కోపం కూడా మగతలోకి జారుకుంటోంది. రెప్పలు వాలిపోతుండగా చేతిలోని తెల్ల చొక్కా మీద పసుపుపచ్చటి మచ్చ కనబడింది. లేచి ప్లంబర్‌కి ఫోను చేసింది.

ప్లంబర్ వచ్చి గోడకి చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత నిద్రలోంచి లేచినవాడిలా వెళ్ళి వాల్వు కట్టేశాడు.

“కారుతున్నది లోపలే అక్కా. నీళ్ళు స్లాబులోంచి కిందికి దిగుతున్నాయి. గోడ పగలగొట్టాలంటే ఇంటాయన ఒప్పుకోవాలి.”

“తన నెత్తి మీదే పడుతుంటే పట్టనట్టు ఎలా ఉన్నాడయ్యా ఈయన?”

ఇద్దరూ కిందికి దిగారు. తలుపుకి గడియ వేసి లేదు. ఆవిడ తోసుకుని లోపలికి వెళ్ళి, గుమ్మంలోనే ఆగిపోయింది.

గది సగం చీకటిగా ఉంది. మంచం మీద మాస్టారి భార్య వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది. అక్కడ ఒక చుక్క ఊరి, ఊగి, కాస్త వెలుగు పట్టుకుని, కింద పెట్టిన పళ్ళెంలో రాలింది.

“అరవై మూడు,” అందామె.

మాస్టారు లేచొచ్చి గొంతు తగ్గించాడు. “జబ్బు చేశాక పదకొండు నెలలు ఒక్క మాట లేదమ్మా. ఈ చుక్కలు మొదలైన రోజు ‘ఒకటి’ అంది. అప్పట్నించీ రోజూ ఒకటి నుంచి అంకెలే, ఇంకో మాట లేదు. పైపు బాగుచేయిస్తే అవీ పోతాయేమోనని... నీ బట్టలు పాడుచేశాను. తప్పు నాదే.”

ఆవిడ వాల్వు మళ్ళీ తెరవమని ప్లంబర్‌కి సైగ చేసింది. అతను కదిలేలోపే ఇంకో చుక్క పడింది.

“అరవై నాలుగు.”

ఆ తర్వాత చుక్క రాలేదు. నలుగురూ పైకే చూస్తున్నారు. పళ్ళెంలో నీళ్ళు నిలకడగా నిలిచాయి. మాస్టారు మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె మెల్లగా తల తిప్పి భర్త వైపు చూసింది.

“ఏమండీ, పైవాళ్ళకి నీళ్ళు రావడం లేదేమో. వెళ్ళి చూడండి.”