తేలే ఊరిలో కిబ్లా

బందరు దగ్గర సముద్రం మీద తేలే ఊరు మాది. అలలకు ఊరంతా తిరుగుతూ ఉంటుంది కాబట్టి నమాజుకు మక్కా వైపు నిలబడే కిబ్లా దిక్కు పూటపూటకీ మారుతుంది. యంత్రం చెప్పిన దిక్కు ఇక్కడ చెల్లదు. ఖురానూ లెక్కలూ రెండూ పాసైన మనిషే లెక్క కట్టి చెప్పాలి. మదర్సాలో ఆ రెండూ నేర్పేది నేనే.

ముప్పై ఏళ్ల కిందట, ఒడ్డు మీద, నా జామెట్రీ నోటుబుక్కు చింపి నన్ను మదర్సా నుంచి గెంటేసిన మా గురువు జలాలుద్దీన్ హజ్రత్, ఇమాములకు పెట్టే ఆ పరీక్షలో మూడోసారి లెక్కలు తప్పి నా ముందు నిలబడ్డాడు. నమాజు చదివించే అతని ఇమామత్ ఉంచాలో తీసేయాలో ఇప్పుడు నా చేతిలో ఉంది.

"ఖురాన్ మొత్తం నోటికి వచ్చు కదమ్మా నఫీసా! ఆ త్రిభుజాలొక్కటి వదిలెయ్."

"మీరు వదల్లేదుగా హజ్రత్. చింపారు."

"ముసలాణ్ణి బేటీ. నా మీద కక్ష తీర్చుకుంటావా?"

"తీర్చుకుంటాను."

ఇమామత్ తీసెయ్యలేదు నేను. అంత తేలిగ్గా వదులుతానా? కాగితం మీద రాసి సంతకం పెట్టాను. నమాజు చదివించేది అతనే. దిక్కు చెప్పేది మాత్రం నా క్లాసులో ఫస్టొచ్చిన అతని మనవరాలు మెహర్.

కాగితం చదివి అతను తలెత్తాడు. "ఆడపిల్లని అడిగి నిలబడాలా నేను?"

"రోజుకి ఐదుసార్లు," అన్నాను.