ఎర్రచుక్క

"ఓష్ పట్నంలో అటవీ ఆఫీసరు నా మొహమ్మీదే నవ్వాడు! బతికున్న వాల్‌నట్ చెట్లను ఎండిపోయాయని చెప్పి రేపు కొట్టేస్తారట!"

చెట్లలో ప్రాణముందని చూపించడానికి తీసిన పరారుణ ఫొటోలన్నీ మసక. వాటిని మా ఆయన తోక్తోసున్ ముందు విసిరికొట్టాను.

అతను సగం గిన్నె టీ పోశాడు. మా ఇళ్ళలో నిండా పోస్తే, ఇక లేచి పొమ్మని.

"ముసలి లెన్సు కదే. నీకు ఫోకస్ కుదిరుండదు."

"కంటికి స్పష్టంగా కనబడ్డాక, పరారుణ ఫొటోకైతే రింగును ఎర్రచుక్క దాకా జరపమని నేర్పింది నువ్వే. జరిపాను."

అంటూనే మెడలోని కెమెరా లెన్సు కేసి చూశాను. పాత చుక్కను గీకేశారు. పక్కన కొత్త చుక్క పెట్టారు.

ఆ చుక్క ఎందుకో ఊళ్ళో తెలిసింది మా ఇద్దరికే.

"ఎవడి గడ్డి తిన్నావు?"

అతను నా గిన్నెలో టీ పోయబోయాడు.

కెటిల్ లాక్కుని, అతని గిన్నె అంచు దాకా నింపాను.