మూడు గేర్ల ఫోటోగ్రాఫర్

పెళ్లికూతుర్ని చేసే వేళకు జయకర్ నింపాదిగా దిగాడు. ఒక చేతిలో కెమెరా. రెండో చెయ్యి భార్య కృపామణి భుజం మీద. పందిట్లో పెద్దవాళ్లున్నారన్న సిగ్గయినా లేదనుకున్నాడు పెళ్లికూతురి తండ్రి తిరుపతిరావు. పిడుగురాళ్లలో లారీల ఓనరు ఆయన.

"చూడు జయకర్. ఇయ్యాల్టి ఫోటోలు నచ్చితేనే ఎల్లుండి పెళ్లి నీకు. లేకపోతే ఆ రెండో స్టూడియో అయాజ్ డ్రోన్ తెస్తానంటన్నాడు."

"డ్రోన్ పైనుంచి తీసుద్ది బాబాయ్. మీ బట్టతల చానా బాగా వచ్చుద్ది," అంది కృపామణి.

ఈ పెళ్లి కూడా పోతే జయకర్ స్టూడియో మూసుకోవాల్సిందేనని ఊళ్లో అందరికీ తెలుసు. అతనికి మాత్రం ఆ బెంగ ఉన్నట్టు లేదు. మజ్జిగ గ్లాసు చాపితే అందుకోలేదు. పెళ్లాం చేతికిస్తేగానీ తాగలేదు. మహారాజు మరి.

కెమెరా మీద చక్రం టకటకా తిప్పుతుంటే తిరుపతిరావు అడిగాడు. "ఏందయ్యా అది?"

"సీ వన్ పందిరి నీడకి, సీ టూ ఎండకి, సీ త్రీ స్టేజి లైట్లకి బాబాయ్. ఎప్పుడో సెట్ చేసి దాచిపెట్టుకున్నా. ఇప్పుడు తిప్పుకోవటమే."

"అంటే బుర్రతో పనే లేదు. మా లారీ నయం, దానికి ఐదు గేర్లు."

నీళ్లు పోయడం మొదలైంది. జయకర్ కెమెరాను కంటికి ఆనించనే లేదు. పొట్ట దగ్గర పెట్టుకుని నొక్కాడు. తీసినదాన్ని తిరిగి చూసుకోలేదు. అంత నమ్మకం తన మీద తనకు. కృపామణికి ఫోనులోంచి తలెత్తే తీరికే లేదు. అందులోకి చూస్తూనే మొగుడి మీద పెత్తనం.

"కుడికి తిరుగు. ఒక్కడుగు ఎనక్కి. ఆఁ, చాలు."

అతను బుద్ధిగా తిరిగాడు. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తిరుపతిరావుకు అర్థమైపోయింది.

అంతా అయ్యాక కృపామణి ఫోను ఆయన ముందు పెట్టింది. "కెమెరాలో బొమ్మ నేరుగా ఇందులోకే వచ్చుద్ది బాబాయ్."

కూతురు శ్రీదుర్గ చెంపన పసుపు, దాని మీద జారుతున్న నీటిబొట్టు. తర్వాతి ఫోటోలో తనే. పందిరి గుంజ చాటున, తువ్వాలు కళ్లకు అద్దుకుంటూ.

ఆయన ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూశాడు.

"నేను ఏడుస్తన్నానని నీకెట్టా తెలిసిందయ్యా? నీ ఎనకమాల గదా నిలబడ్డా?"

"ముక్కు ఎగబీల్చారుగా బాబాయ్," అన్నాడు జయకర్.

తిరుపతిరావు శుభలేఖ తీసి అతని చేతిలో పెట్టాడు. "మండపం అడ్రసు ఇందులో ఉంది. పెళ్లి నీదే. కనీసం ఆ రోజన్నా పెళ్లాం భుజం వదులు."

జయకర్ తల ఊపాడు. శుభలేఖ వైపు చూడకుండానే జేబులో పెట్టుకున్నాడు. పొగరు పోదనుకున్నాడు తిరుపతిరావు.

ఆటో కదిలాక కృపామణి ఆ శుభలేఖను చివరిదాకా చదివి వినిపించింది. చూపు పూర్తిగా పోకముందు దాచిపెట్టుకున్న ఆ మూడు వెలుతుర్లనూ కెమెరా చక్రం మీద బొటనవేలితో తడుముకుంటూ జయకర్ విన్నాడు.