వెక్కిరింత

తన కూతుర్ని ఎదురింటి ముసలాయన వెక్కిరిస్తున్నాడని ఆమెకు ఆ పొద్దునే తెలిసింది.

సందు మరీ ఇరుకు. ఇటు మేడమీద కిటికీలోంచి చెయ్యి చాస్తే అటు మేడమీద కిటికీ అందుతుందేమో అనిపిస్తుంది.

ఆయన అక్కడ నిలబడి నోరు బార్లా తెరుస్తున్నాడు. పెదవులు బిగిస్తున్నాడు. మళ్లీ తెరుస్తున్నాడు. గొంతులోంచి చప్పుడు మాత్రం లేదు.

ఇటు స్టూలు మీద నిలబడ్డ నాలుగేళ్ల పిల్ల కూడా ఆయన్ని చూసి మూతి తిప్పుతోంది.

పిల్లకు పుట్టినప్పటి నుంచీ వినబడదు. ఇంతవరకూ ఒక్క మాట లేదు. భర్త లారీ ఎక్కితే పదిరోజులకు గానీ దిగడు. ఆ ఇంట్లో రోజంతా తల్లీ, కూతురూ, నాలుగు గోడలూ. కూతురి నోట ఒకే ఒక్క మాట కోసం ఆమె మొహం వాచిపోయి ఉంది.

అలాంటి పిల్లను పట్టుకుని వెక్కిరింతలా?

"ఏయ్ పెద్దమనిషీ!" అని అరిచింది.

ఆయన చూపు పిల్లమీంచి కదల్లేదు.

ఆయన ఆ గదిలో దిగి ఏడాదైంది. ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడింది లేదు. పలకరిస్తే ఒకసారి నవ్వుతాడు, ఒకసారి అదీ లేదు. పొగరని సందంతా ఎప్పుడో తేల్చేసింది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పిల్లను స్టూలు మీంచి లాగి దించింది. పిల్ల తల్లి మొహంలోకి చూస్తూ మూతి మళ్లీ అలాగే కదిపింది.

"నువ్వూ నేర్చావా?" అంటూ ఆ మూతిమీదే ఒక్కటి వేసింది. వేసి తనే ఏడ్చింది.

ఏడుపు బయటికి రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సందు దాటి, మెట్లెక్కి ఆయన తలుపు బాదింది. ఎంత బాదినా తియ్యడే! చివరికి తోసుకుని లోపలికి వెళ్లింది.

ఒక మంచం, ఒక కుర్చీ, ఒకే ఒక్క గ్లాసు.

"మాటలు రాని పిల్లతో నీకేం పరాచికాలయ్యా?" కొంగు చాటునుంచే నిలదీసింది.

ఆయన ఆమె మొహంకేసి అయోమయంగా చూశాడు. తర్వాత సందంతా అదిరిపోయేలా అన్నాడు.

"కొంగు తియ్యమ్మా!"

ఇంకేముంది, జనం పోగయ్యారు.

"ఈ వయసులో ఇదేం బుద్ధయ్యా?"

"సంసారులుండే చోట ఇలాంటివాణ్ని ఎవరు పెట్టారు?"

"పాప... పాప..." అంటూ ఆయన ఏదో చెప్పబోయాడు. చెప్పనిస్తేగా! తలా ఒక మాట అంటుంటే ఎవరివైపు చూడాలో తెలియక చేతులు జోడించాడు. తప్పు ఒప్పుకున్నాడనుకున్నారు.

సాయంత్రానికల్లా ఆ ఇంటి యజమాని గది ఖాళీ చేయించాడు. ముసలాయన ఒక సంచీతో వెళ్లిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

ఆమె కిటికీ మూసి గడియ పెట్టేసింది.

నెల తిరక్కముందే ఒక పెద్దావిడ ఆమె గడపలోకి వచ్చింది.

"ఎదురింట్లో మా మేస్త్రి ఉండాలే, తాళం పడుందేంటమ్మా?"

"ఖాళీ చేశాడు."

"కాస్త మొహం ఇటు పెట్టి చెప్పు తల్లీ. నా చెవులు కూడా మిల్లే తినేసింది."

"ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఏ మిల్లు?"

"బట్టల మిల్లు. షెడ్డులో రెండొందల మగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే ఎవరి మాట ఎవరికి వినబడుద్ది? అక్కడ గొంతుతో పనేం లేదు. పెదాలు ఆడిస్తాం, పెదాలు చూస్తాం, అంతే. మూతికి ఏదన్నా అడ్డం పెట్టుకున్నావా, ఇక నువ్వు మాకు మూగదానివే."

ఆమె చెయ్యి కొంగుమీద బిగుసుకుపోయింది.

"కొత్తగా చేరిన వాళ్లందరికీ ఆ మాట నేర్పింది మా మేస్త్రే. నాకూ ఆయనే నేర్పాడు. నలభై ఏళ్లకే రెండు చెవులూ పూర్తిగా పోయాయి పాపం. ఎటెళ్లాడమ్మా?"

"తెలీదు... మీకేమన్నా తెలుస్తుందేమో..." మొహం ఇటే పెట్టినా సిగ్గుతో ఆమె కళ్లు దించుకుంది.

"నాకెలా తెలుస్తుంది? నా అన్నవాళ్లు ఒక్కరు లేరు ఆయనకి."

ఆ మాట అంటూ పెద్దావిడ ఆగిపోయింది. మూసిన కిటికీ దగ్గర నిలబడి తల్లికేసి చూస్తున్న పిల్లమీద ఆవిడ చూపు పడింది. పిల్ల పెదవులు కదులుతున్నాయి.

"ఈ పిల్లకు షెడ్డు మాట ఎవరు నేర్పారు?"

ఆమె పిల్లకేసి తిరిగింది.

"పలకవేంటమ్మా? ‘అమ్మా, కిటికీ తియ్యి’ అని ఇందాకటి నుంచీ అడుగుతూనే ఉందిగా బిడ్డ!"