వెయ్యి కాపీలు

చెల్లెలి భయమల్లా ఒకటే. తన కూతురు రేపు పెద్దయ్యాక, ఏడో తరగతితో బడి మానేసిన అమ్మను కాదని పెద్దమ్మ కొంగు పట్టుకుంటుందేమోనని. ఆ పెద్దమ్మ మంత్రిగారి భార్య, పైగా రచయిత్రి, పిల్లల్లేరు.

ఆ రోజు పిల్లను చంకనేసుకుని వెళ్లేసరికి అక్క తన కథల పుస్తకం కట్టలు విప్పుతోంది.

“వెయ్యి కాపీలూ అయిపోయి మళ్లీ వేయించావా? నీకేంలే” అంది చెల్లెలు, కడుపుమంటను నవ్వుతో కప్పేస్తూ.

“నువ్వు చదివావా?”

“చదవక? మూడో కథలో ఆ తల్లి, జ్వరంతో ఉన్న పిల్లను వదిలి మీటింగుకు ఎలా వెళ్తుందక్కా? ఏ తల్లైనా గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చేస్తుంది. ఒక బిడ్డను కంటే తెలిసేది నీకు.”

అనేశాక నాలుక కరుచుకుంది.

అక్క కోప్పడలేదు. “ఇవి కొత్తవి కావే. మీ బావ మనుషులు కొని, ఆయనతో ఫొటోలు దిగి పట్టుకెళ్లినవే. పాత పేపర్ల కొట్లో కనపడితే డ్రైవరు తెచ్చాడు. కొన్నవాళ్లు కట్టు కూడా విప్పలేదు. నా కథలో తప్పు పట్టిన మనిషివి నువ్వొక్కదానివే. ఇంకా చెప్పవే.”

చెల్లెలు పిల్లను తానే అక్క ఒళ్లో కూర్చోబెట్టి, పుస్తకం తెరిచింది.

మీకూ ఏ రచయిత్రైనా సంతకం చేసి పుస్తకమిచ్చి ఉంటే, చదివి, ఒకసారి వెళ్లి ఆవిడెలా ఉందో చూసి రండి.